గాయానికి తేనె: ఏ గాయానికి, ఏ తేనె, ఎలా

తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్ళల్లో వేలు తెగితే కాఫీ పొడి డబ్బా బయటికొస్తుంది. చెయ్యి కాలితే దోసె పిండి, పుండు పడితే పసుపు. పెద్దవాళ్ళున్న ఇంట్లో వీటికన్నా ముందు తేనె సీసా వస్తుంది. "రవంత తేనె పూయి, మానిపోతుంది" అంటారు. ఆ మాటలో నిజముంది. కాఫీ పొడికి, దోసె పిండికి లేని అర్హత తేనెకు ఉంది: శుద్ధి చేసిన తేనెతో తయారైన డ్రెస్సింగులను 2007 నుంచి అమెరికాలో కూడా అనుమతితో వాడుతున్నారు. కానీ వాళ్ళు వాడే తేనె, మన అరలో ఉన్న తేనె ఒకటి కాదు. అన్ని గాయాలకూ తేనె పనికిరాదు. పనికొచ్చే గాయానికి కూడా తేనె మొదట చేయాల్సిన పని కాదు. గాయాన్ని చూడడం, కడగడం, ఆ తర్వాత తేనె. ఈ వరస తప్పితే మంచి తేనె కూడా చెడే చేస్తుంది.

తేనె గాయంలో ఏం చేస్తుంది

తేనెలో సుమారు 80 శాతం చక్కెరలే. నీళ్ళు 17, 18 శాతం ఉంటాయి. ఇంత చిక్కటి చక్కెరలో సూక్ష్మక్రిములు బతకలేవు, వాటిలోని నీటిని చక్కెర లాగేస్తుంది. ఊరగాయలో ఉప్పు చేసే పనే ఇది. గాయం లోపలి నుంచి కూడా తేనె రసిని పైకి లాగుతుంది. దానితో పాటు మురికి, చచ్చిన కణజాలం వదులై బయటికి వస్తాయి.

రెండోది పులుపు. తేనె పీహెచ్ 3.2 నుంచి 4.5 దాకా ఉంటుంది. నాలుకకు తీపిగా తగిలినా అది ఆమ్లమే. చాలా క్రిములకు ఆ పులుపు పడదు.

మూడోది అసలైన విశేషం. తేనెటీగ తన గ్రంథుల నుంచి గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును తేనెలో కలుపుతుంది. చిక్కటి తేనెలో అది దాదాపు నిద్రలో ఉంటుంది. గాయం రసి తగిలి తేనె కాస్త పలచబడగానే పని మొదలుపెట్టి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కొద్దికొద్దిగా తయారుచేస్తుంది. మెడికల్ షాపులో దొరికే పెరాక్సైడ్ సీసా ఒక్కసారిగా బుసబుసమని పొంగి మంచి కణాలను కూడా దెబ్బతీస్తుంది. తేనెలో పుట్టేది చాలా తక్కువ, కానీ గంటల తరబడి పుడుతూనే ఉంటుంది. వేడి తగిలితే ఈ ఎంజైము చెడిపోతుంది. ఏ తేనె వాడాలో చెప్పేటప్పుడు ఇది మళ్ళీ అవసరమవుతుంది.

న్యూజిలాండ్‌లో మనూకా అనే పొద పూల నుంచి వచ్చే మనూకా తేనె కథ కొంచెం వేరు. దాని బలం ఎక్కువగా మిథైల్‌గ్లయాక్సాల్ అనే పదార్థంలో ఉంది. ఎంజైము పోయినా ఆ బలం పోదు.

మన దేశంలోనూ దీని మీద పని జరిగింది. మహారాష్ట్రలోని సోలాపూర్‌లో డాక్టర్ ఎం. సుబ్రహ్మణ్యం కాలిన గాయాలున్న 104 మందిలో కొందరికి తేనె, కొందరికి మామూలుగా వాడే సిల్వర్ సల్ఫాడయజీన్ క్రీము వేసి చూసి, 1991లో ఫలితాలు ప్రచురించారు. వారం తిరిగేసరికి తేనె వేసినవాళ్ళలో 91 శాతం గాయాలు క్రిములు లేకుండా తేలాయి. క్రీము వేసినవాళ్ళలో అలా తేలినవి 7 శాతమే. అంత పెద్ద తేడాను ఒకే కేంద్రం లెక్కతో నమ్మేయకూడదు. 2015లో, వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి తూచే కోక్రేన్ సంస్థ 26 పరిశోధనలను, అంటే 3 వేలకు పైగా రోగుల వివరాలను కలిపి పరిశీలించింది. పైపైన కాలిన గాయాలు మామూలు డ్రెస్సింగుల కన్నా తేనెతో నాలుగైదు రోజులు ముందు మానుతున్నాయని, ఆపరేషన్ తర్వాత చీము పట్టిన కుట్ల గాయాల్లో కూడా మేలు కనిపిస్తోందని తేల్చింది. కాళ్ళలో సిరలు ఉబ్బడం వల్ల వచ్చే పుండ్లలో మాత్రం తేనె వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు. షుగర్ పుండ్ల విషయంలో గట్టిగా చెప్పగలిగే ఆధారం దొరకలేదు. తేనె గురించి ఎవరేం చెప్పినా ఈ నాలుగు ఫలితాల పక్కన పెట్టి చూసుకోండి, సగం ప్రచారం అక్కడే రాలిపోతుంది.

మొదటి పని: ఇది ఇంట్లో చూసుకునే గాయమేనా?

చర్మం దోక్కుపోవడం, పైపైన తెగడం, అరచేతి కన్నా చిన్నగా పైచర్మం కాలడం, బొబ్బ చితికి ఎర్రగా కనిపించడం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకైతే ఇంట్లో చూసుకోదగినవి ఇంతే.

తెగిన చోట అంచులు విడిపోయి లోపల కొవ్వు పసుపుపచ్చగా కనిపిస్తుంటే కుట్లు పడాలి. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకున్నా రక్తం ఆగకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి. అలాంటి గాయంలో తేనె గానీ కాఫీ పొడి గానీ నింపి వెళ్తే, గాయం ఎంత లోతుందో చూడడానికి డాక్టరు ముందు అదంతా కడిగి తీయాలి. ఆ నొప్పి భరించాల్సింది మీరే. మేకు గుచ్చుకున్న గాయం పైకి చిన్న చుక్కలా ఉంటుంది, ప్రమాదమంతా లోపలే. పైన పూసిన తేనె అక్కడిదాకా చేరదు.

కాలిన గాయంలో నొప్పి మంచి గుర్తు. ఎర్రగా, తడిగా ఉండి భగభగమంటుంటే పైపొరలే కాలాయని అర్థం. తెల్లగా తోలులా మారో, నల్లబడో ఉండి నొప్పి తెలియకపోతే నరాలు కూడా కాలాయి. అది ఎంత చిన్నదైనా ఇంట్లో ఉంచకూడదు. ముఖం, చేతులు, పాదాలు, కీళ్ళు, మర్మాంగాల దగ్గర కాలినా, కరెంటు షాక్ వల్లో యాసిడ్ వల్లో కాలినా, చిన్నపిల్లలకు బొబ్బలెక్కినా డాక్టరు చూడాల్సిందే. కాలినవాళ్ళ అరచేయి వేళ్ళతో సహా వాళ్ళ ఒంట్లో సుమారు 1 శాతం. ఎంత మేర కాలిందో అంచనా వేయడానికి అదే కొలత. తిరుపతిలో రుయా, చిత్తూరులో ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి, 108 ఉంది. పల్లెల్లో ఉంటే ముందు పీహెచ్‌సీకి వెళ్ళినా నష్టం లేదు.

కుక్క కరిచిన గాయం మీద తేనె, పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టకూడదు. సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి. చిన్న గాటే కదా అని ఊరుకుంటే తర్వాత చేయగలిగిందేమీ ఉండదు.

ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. మట్టి, పేడ, తుప్పు తగిలిన గాయమైతే చివరి డోసు పడి 5 ఏళ్ళు, శుభ్రమైన చిన్న గాయమైతే 10 ఏళ్ళు దాటి ఉంటే మళ్ళీ వేయించుకోవాలి. ఎప్పుడు వేయించుకున్నామో గుర్తులేదంటే వేయించుకోవాలనే అర్థం. జనం టీటీ అని అడుగుతారు, ఇప్పుడు దాని బదులు డిఫ్తీరియాకు కూడా కలిపి టీడీ వేస్తున్నారు. పీహెచ్‌సీలో ఉచితం. తేనె ఈ ఇంజెక్షన్‌కు బదులు కాదు.

రెండో పని: నీళ్ళు

కాలిన వెంటనే కుళాయి కింద 20 నిమిషాలు పెట్టాలి. మంచు గడ్డలు వద్దు, ఫ్రిజ్ నీళ్ళు కూడా వద్దు, మామూలు చల్లటి నీళ్ళు చాలు. 20 నిమిషాలంటే చాలా సేపు. రెండు నిమిషాలకే "చాల్లే" అనిపిస్తుంది, అక్కడే ఆపేస్తుంటారు. పైన చల్లబడినా చర్మం లోపల వేడి ఇంకా ఉడికిస్తూనే ఉంటుంది. ఆ వేడి పోకముందే తేనె పూస్తే చల్లబరిచే పని మధ్యలో ఆగిపోతుంది. కాలి మూడు గంటలు దాటకపోతే ఆలస్యంగానైనా నీళ్ళ కింద పెట్టడం మేలే. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వాపు రాకముందే తీసేయాలి.

చిత్తూరు వైపు బెల్లం గానుగల దగ్గర పనిచేసేవాళ్ళకు ఒక మాట. పాకం మరిగే నీళ్ళకన్నా వేడిగా ఉంటుంది, పైగా చర్మానికి అతుక్కుంటుంది. దాన్ని గోటితో గీకి తీయబోతే తోలు కూడా ఊడి వస్తుంది. బెల్లం నీళ్ళలో కరుగుతుంది కాబట్టి ధారగా పోస్తూనే ఉంటే చల్లబరచడం, వదిలించడం రెండూ అయిపోతాయి. పాకం పడిన గాయాలు తరచుగా లోతుగా ఉంటాయి, చల్లబరిచాక డాక్టరుకు చూపించడమే మంచిది.

తెగిన, దోక్కుపోయిన గాయానికైతే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని, తాగడానికి పనికొచ్చే నీళ్ళు ధారగా పోస్తూ కడగాలి. మెడికల్ షాపులో దొరికే నార్మల్ సెలైన్ (శుద్ధి చేసిన ఉప్పు నీళ్ళు) ఉంటే ఇంకా మంచిది. ఇసుక రేణువులు మిగిలితే సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డతో మెల్లగా తుడవాలి. చుట్టూ ఉన్న చర్మానికి సబ్బు పెట్టొచ్చు. గాయంలో డెటాల్, పెరాక్సైడ్, స్పిరిట్ పోయొద్దు, అవి క్రిములతో పాటు కొత్తగా పుడుతున్న కణాలనూ చంపుతాయి.

అలిపిరి మెట్లెక్కి దిగాక పాదాలకు లేచే బొబ్బల గురించి చాలామంది అడుగుతారు. 3,550 మెట్లు ఉత్తి కాళ్ళతో, అదీ ఎండలో ఎక్కితే మెత్తటి పాదాలు ఊరుకోవు. బొబ్బ చిట్లకపోతే దాన్ని అలాగే ఉంచాలి, ఆ పైచర్మమే అన్నిటికన్నా మంచి కట్టు. దాని మీద తేనె పూయడం వృథా, మూసి ఉన్న చర్మం గుండా అది పనిచేయదు. బొబ్బ తనంతట తాను చిట్లి లోపలి ఎర్రటి పొర బయటపడితేనే తేనెకు పని.

మూడో పని: ఏ తేనె?

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

శేషాచలం, తలకోన అడవుల్లో యానాదులు తరతరాలుగా తేనె తీస్తున్నారు. కొండ చరియలకు, పెద్ద చెట్ల కొమ్మలకు వేలాడే పెద్ద తేనెటీగల తుట్టెలు ఒకటైతే, చెట్టు తొర్రల్లో, పుట్టల్లో దొరికే పుట్టతేనె మరొకటి. రుచికి ఆ తేనెకు సాటి లేదని నేనూ అంటాను. కానీ దాన్ని తీసే పద్ధతి చూడండి. పొగపెట్టి తుట్టె కోస్తారు, చేత్తో పిండుతారు, గుడ్డలో వడకడతారు. పుప్పొడి, మైనం, ఒక్కోసారి పిల్ల ఈగల రసం కూడా అందులో కలుస్తాయి. కొండ తేనెలో నీటి శాతం కూడా తరచుగా ఎక్కువే ఉంటుంది. ఆహార ప్రమాణాల ప్రకారం తేనెలో నీరు 20 శాతం దాటకూడదు. దాటితే పులిసిపోతుంది. మూత తీస్తే టప్‌మనడం, నురుగు, పుల్లటి వాసన దానికి గుర్తులు. చిక్కదనం తగ్గితే క్రిములను ఆపే బలం కూడా తగ్గుతుంది.

ఇంతకన్నా పెద్ద సమస్య ఒకటుంది. ఏ పచ్చి తేనెలోనైనా క్లాస్ట్రిడియం బోటులినమ్ అనే, కండరాలను చచ్చుబరిచే విషం తయారుచేసే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. అవి తేనెలో పెరగవు, చావవు. ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించకూడదని డాక్టర్లు చెప్పేది వీటి వల్లే. తెరిచి ఉన్న గాయంలో అలాంటి బీజాలున్న పదార్థాన్ని పెట్టి కట్టు కట్టడం ఎవరూ కోరుకునే పని కాదు.

పోనీ షాపులో సీసా కొందామంటే, పెద్ద కంపెనీలు తేనెను సాధారణంగా వేడి చేసి వడకడతాయి. ఆ వేడికి బీజాలు చావవు, ఎంజైము మాత్రం దెబ్బతింటుంది. ఇక కల్తీ సంగతి. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను పరీక్ష చేయిస్తే, తేనెలో ఏయే పదార్థాలున్నాయో అణువుల స్థాయిలో చూసే ఎన్ఎంఆర్ పరీక్షలో 10 తప్పాయి. మామూలు ల్యాబ్ పరీక్షలకు దొరకని చక్కెర పాకాలు అప్పటికే మార్కెట్లోకి వచ్చేశాయి. అలాంటిది ఇంట్లో నీళ్ళ గ్లాసులో చుక్క వేయడం, కాగితం మీద పోయడం, వత్తి ముంచి వెలిగించడం, కుక్క ముట్టదు, చీమ పట్టదు అని చూడడం, వీటితో స్వచ్ఛత ఎలా తేలుతుంది? చిక్కటి పాకం ఏదైనా నీళ్ళలో అడుక్కే వెళ్తుంది. గడ్డకట్టిన తేనె కల్తీ అనడమూ తప్పే, గ్లూకోజ్ ఎక్కువున్న అసలు తేనె కూడా గడ్డకడుతుంది.

కాబట్టి తెరిచి ఉన్న గాయానికి మెడికల్ గ్రేడ్ తేనె ఒక్కటే. దాన్ని వేడితో కాకుండా గామా కిరణాలతో శుద్ధి చేస్తారు. బీజాలు చస్తాయి, ఎంజైము చాలావరకు నిలుస్తుంది. ట్యూబుగా, జెల్‌గా, తేనె పట్టించిన డ్రెస్సింగ్ షీటుగా దొరుకుతుంది. పెద్ద ఆసుపత్రుల దగ్గరి సర్జికల్ షాపుల్లో అడగండి, లేకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. లేబుల్ మీద స్టెరైల్ (క్రిములు లేనిది) అని, గాయాలకు వాడేదని, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. తినడానికి అమ్మే మనూకా సీసా మీద బలాన్ని చూపే నంబరు ఎంత పెద్దదైనా, దానికి వేల రూపాయలు పోసినా, అది స్టెరైల్ కాదు.

దొరకలేదు, లేదా అంత డబ్బు పెట్టాలనిపించలేదు. అప్పుడు కడిగిన చిన్న గాయానికి పలచగా వాజెలిన్ రాసి అంటుకోని డ్రెస్సింగ్ వేసుకోండి. చిన్న గాయాలు దానితోనే బాగా మానతాయి. తేనె లేకపోతే గాయం మానదేమోనన్న టెన్షన్ అక్కర్లేదు.

నాలుగో పని: కట్టు

ముందే అన్నీ దగ్గర పెట్టుకోవాలి: సెలైన్, స్టెరైల్ గాజుగుడ్డ ప్యాకెట్లు, తేనె ట్యూబు, పైన వేయడానికి దూది ప్యాడ్, మైక్రోపోర్ టేపు, కొంచెం వాజెలిన్. తేనె అంటిన వేళ్ళతో ప్యాకెట్లు చింపడం ఎంత చిరాకో ఒక్కసారి చేస్తే తెలుస్తుంది.

గాయాన్ని కడిగి, చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని తడి లేకుండా అద్దాలి. ఆ చర్మానికి గాయం అంచు నుంచి వేలెడు వెడల్పున వాజెలిన్ రాయాలి. తేనె రసిని లాగుతూనే ఉంటుంది కాబట్టి పక్క చర్మం నాని తెల్లగా, మెత్తగా అయిపోతుంది. వాజెలిన్ దాన్ని ఆపుతుంది. టేపు అంటుకోవాల్సిన చోట మాత్రం రాయకండి.

తేనెను గాయం మీద పోయకుండా గాజుగుడ్డకు పట్టించాలి. గాయం మీద పోస్తే ఒంటి వేడికి పలచబడి ఒక పక్కకు జారిపోతుంది. మన ఎండాకాలంలో ట్యూబులోంచి వచ్చేటప్పుడే నీళ్ళలా ఉంటుంది. పది సెంటీమీటర్ల చదరపు గాజుగుడ్డకు సుమారు 20 మిల్లీలీటర్లు, అంటే నాలుగు టీస్పూన్లు పడుతుంది. అందులో సగం పొడవు, సగం వెడల్పు ఉన్న ముక్కకు ఒక టీస్పూను చాలు. పొదుపు చేసి పలచగా రాస్తే రసిలో కలిసి కొన్ని గంటల్లోనే బలం పోతుంది. గాజుగుడ్డ గాయం అంచులు దాటి కొంచెం బయటికి ఉండాలి. దూదిని నేరుగా గాయం మీద పెట్టకూడదు, పోగులు అతుక్కుపోతాయి.

దాని పైన పొడి ప్యాడ్ వేసి, నాలుగు వైపులా సందు లేకుండా టేపు వేయాలి. ఈ నాలుగు వైపుల సంగతి చీమల కోసం చెబుతున్నాను. విదేశీ సూచనల్లో ఈ మాట కనిపించదు, కానీ తేనె కట్టుతో నేల మీద చాప వేసుకుని పడుకుంటే ఏమవుతుందో మనకు తెలుసు. కట్టు ఉన్నన్ని రోజులు మంచం మీద పడుకోండి, కట్టు బయటికి తడిస్తే వెంటనే మార్చండి. ఈగలకూ అదే మందు.

కట్టు కట్టగానే చురుక్కుమంటుంది. తేనెలోని పులుపు వల్ల కొందరికి మంట వస్తుంది, సాధారణంగా కాసేపటికి తగ్గుతుంది. తగ్గకుండా పెరిగితే విప్పి సెలైన్‌తో కడిగేయాలి, ఓర్చుకోవడంలో గొప్పేమీ లేదు. దురద, దద్దుర్లు, వాపు వస్తే అది అలర్జీ. తేనెటీగ కుడితే ఒళ్ళంతా వాచిన చరిత్ర ఉన్నవాళ్ళు, పుప్పొడి పడనివాళ్ళు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. ఏడాది లోపు పిల్లలకు గాయం మీద కూడా సొంతంగా తేనె వాడకండి.

ట్యూబు తెరిచాక మూతి వేలికి, గాయానికి తగలకుండా చూడాలి. గడ్డకడితే గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే కరుగుతుంది. స్టవ్ మీద గానీ మైక్రోవేవ్‌లో గానీ పెడితే ఎంజైము పోయి ఒట్టి పాకం మిగులుతుంది.

ఐదో పని: విప్పడం, చూడడం, ఆపడం

మొదటి రెండు మూడు రోజులు రోజూ మార్చాలి, రసి ఎక్కువైతే రోజుకు రెండుసార్లు. రసి తగ్గాక రెండు మూడు రోజులకోసారి చాలు. తేనె కట్టు సాధారణంగా అతుక్కోదు, అతుక్కుంటే సెలైన్ పోసి నానబెట్టి తీయాలి. లాగితే కొత్త చర్మం వచ్చేస్తుంది. పాత తేనెను గీకి తీయక్కర్లేదు, సెలైన్‌లో కరిగిపోతుంది.

మొదట్లో రసి పెరగడం చూసి భయపడతారు. తేనె లాగే పని అదే. చచ్చిన పొర ఊడి గాయం ఒకటి రెండు రోజులు కొంచెం పెద్దదిగా కనిపించవచ్చు. అడుగున ఎర్రగా, తడిగా, చిన్న చిన్న గింజల్లా కనిపిస్తే గాయం బాగా మానుతున్నట్టు. పసుపుపచ్చ చీము, దుర్వాసన, అంచులు దాటి పాకే ఎరుపు, పైకి గీతలా వెళ్ళే ఎరుపు, పెరిగే నొప్పి, జ్వరం, వీటిలో ఏది కనిపించినా తేనె ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి. నాలుగు రోజులు చూద్దాం అనే గాయం కాదది. రెండు వారాలైనా గాయం చిన్నదవకపోయినా వెళ్ళాల్సిందే.

గాయం మూసుకుని లేత గులాబీ రంగు చర్మం వచ్చాక తేనె ఆపేయాలి. మచ్చ పోతుందని నెలల తరబడి రాసేవాళ్ళున్నారు, దానికి సరైన ఆధారం లేదు. కొత్త చర్మాన్ని ఎండ నుంచి కాపాడుకుంటే మచ్చ నల్లబడడం తగ్గుతుంది, చిత్తూరు ఎండల్లో అది చాలా ముఖ్యం.

షుగర్, డయాలసిస్, కాళ్ళ పుండ్లు

షుగర్ ఉన్నవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, తేనె కట్టితే షుగర్ పెరగదా అని. చిన్న గాయం మీది తేనెతో సాధారణంగా చెప్పుకోదగ్గంత పెరగదు. పెద్ద గాయమైతే షుగర్ చూసుకుంటూ ఉండాలి. అసలు చిక్కు అది కాదు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, రక్తప్రసరణ తగ్గుతుంది. పుండు నొప్పి పెట్టదు, అందుకే చూసుకోరు. కొండకు ఉత్తి కాళ్ళతో వెళ్ళొచ్చిన షుగర్ రోగి అదే రోజు రాత్రి తన అరికాళ్ళు అద్దంలో చూసుకోవాలి, లేదా ఇంట్లోవాళ్ళతో చూపించుకోవాలి. పుండు కనిపిస్తే దానికి కావాల్సింది మూడు పనులు: పాదం మీద బరువు పడకుండా చూడడం, చచ్చిన కణజాలం తీయించడం, రక్తప్రసరణ పరీక్షించడం. ఈ మూడూ చేశాక డాక్టరు తేనె డ్రెస్సింగ్ ఎంచుకుంటే సరే. ఈ మూడూ మానేసి ఇంట్లో తేనె కట్టుకుంటూ నెల గడిపితే కాలు పోయే పరిస్థితి వస్తుంది.

పొట్టలో గొట్టం ద్వారా ఇంట్లోనే పెరిటోనియల్ డయాలసిస్ చేసుకునేవాళ్ళు గొట్టం బయటికి వచ్చే చోట తేనె రాయొద్దు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 371 మందితో చేసిన పరిశోధన ఫలితాలు 2014లో వచ్చాయి. తేనె వల్ల ఇన్‌ఫెక్షన్లు తగ్గలేదు. షుగర్ కూడా ఉన్నవాళ్ళలో పెరిగాయి.

హోటళ్ళలో, బట్టల షాపుల్లో రోజంతా నిలబడి పనిచేసేవాళ్ళకు చీలమండ పైన నల్లబడి వచ్చే పుండు సిరల పుండు కావచ్చు. దానికి మందు బిగుతు కట్టు, అదీ డాక్టరు చూసి వేయించాల్సింది. లోపల తేనె పెట్టినా పెట్టకపోయినా పెద్ద తేడా లేదు.

మైనం: ఇంట్లో ధైర్యంగా చేసుకోగలిగింది

తేనె పిండాక మిగిలే తుట్టెను చాలామంది పారేస్తారు. నా లెక్కన ఇంటి వైద్యానికి తేనెకన్నా ఈ మైనమే ఎక్కువ ఉపయోగం. గాయం మాన్పడానికి కాదు, గాయం కాకుండా చూడడానికి. పొలంలో ఉత్తి కాళ్ళతో తిరిగే మడమలకు, పగిలిన పెదాలకు తేమను పట్టి ఉంచే పూత ఇది.

తుట్టెను రెండు మూడు నీళ్ళలో కడిగి, పాత గిన్నెలో నీళ్ళు పోసి సన్నటి మంట మీద కరిగించాలి. తేనె మైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నీళ్ళు తెర్లాల్సిన పని లేదు. పాత గుడ్డలో వడకట్టి చల్లారనిస్తే మైనం పైన బిళ్ళలా తేలుతుంది. అడుగున అంటిన మడ్డిని గీకి, ఇంకోసారి కరిగించి వడకడితే చాలు. కిరాణా షాపులో కొవ్వొత్తులకు అమ్మే తెల్ల మైనం పెట్రోలియం నుంచి వచ్చేది, అది వేరు.

పూతకు 25 గ్రాముల మైనం, 100 గ్రాముల నువ్వుల నూనె లేదా కొబ్బరి నూనె. ఒక గిన్నెలో నీళ్ళు వేడి చేసి, అందులో ఇంకో గిన్నె ఉంచి రెండూ కలిపి కరిగించాలి. నేరుగా మంట మీద పెడితే మైనం అంటుకునే ప్రమాదం ఉంది. చల్లటి పళ్ళెం మీద చుక్క వేసి చూడండి. గట్టిగా ఉంటే నూనె, జారితే మైనం కలపండి. తడి లేని సీసాలో పోసి మూత పెట్టండి, నీటి చుక్క పడితే బూజు పడుతుంది.

రాత్రి గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు పాదాలు నానబెట్టి, రాయితో మెల్లగా రుద్ది, తుడిచి, ఈ పూత రాసి కాటన్ సాక్సులు వేసుకుని పడుకోవాలి. రక్తం కారే పగుళ్ళ మీద రాయకూడదు. షుగర్ ఉన్నవాళ్ళు నానబెట్టడం, రుద్దడం రెండూ మానేసి పూత మాత్రం రాసుకోవచ్చు, అదీ వేళ్ళ సందుల్లో కాకుండా. కాలిన గాయం మీద మైనం ఎప్పుడూ వద్దు, అది వేడిని లోపలే పట్టేస్తుంది.

మిగిలినవి

ప్రొపోలిస్ అంటే తేనెటీగలు చెట్ల జిగురు తెచ్చి గూట్లోని సందులు పూడ్చుకునే బంక. పెట్టెల్లో పెంచే ఇటాలియన్ ఈగలు దీన్ని బాగా చేస్తాయి. మన పుట్టతేనె ఈగ దీన్ని వాడదు, కాబట్టి తొర్ర తేనెతో పాటు ప్రొపోలిస్ కూడా వచ్చిందని ఎవరైనా అమ్మితే నమ్మకండి. ప్రొపోలిస్ ల్యాబులో క్రిములను చంపుతుంది. కానీ చర్మానికి అలర్జీ తెచ్చేవాటిలో ఇది బాగా పేరుమోసింది, పైగా ఎక్కువగా ఆల్కహాల్‌లో కలిపి అమ్ముతారు. తెరిచి ఉన్న గాయం మీద నేనైతే వేయను. రాయల్ జెల్లీ, అంటే తేనెటీగలు రాణి ఈగకు పెట్టే ఆహారం, దాని గురించి ఉన్న ఆశంతా ఇప్పటికి ల్యాబుల్లో, జంతువుల మీదే. ఉబ్బసం ఉన్నవాళ్ళకు అది ప్రాణం మీదకు తెచ్చిన సందర్భాలున్నాయి.

తేనెటీగ విషానికి గాయాల వైద్యంలో చోటు లేదు. తుట్టె కోయబోయి కుట్టించుకుంటే చర్మంలో దిగిన ముల్లును వెంటనే తీసేయాలి, గోటితో గీకినా ఫర్వాలేదు, ఆలస్యం చేయకపోవడమే ముఖ్యం. తర్వాత సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ పెట్టాలి. పెదాలు, గొంతు వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా, ఒకేసారి చాలా ఈగలు కుట్టినా 108కు ఫోన్ చేయాలి.